పటంలో లేని నాన్న

మేముండేది ఇల్లినాయిస్ రాష్ట్రం నడుమ, బ్లూమింగ్టన్‌లో. ఇక్కడి తెలుగువాళ్లకు ఈ ఊరంటే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులు, వీకెండ్ పాట్‌లక్‌లు, చికాగో గుడికి రెండు గంటల పైచిలుకు డ్రైవ్. ఊరు దాటి పది నిమిషాలు పోతే మాత్రం రెండు పక్కలా మొక్కజొన్న, సోయా తప్ప ఇంకేమీ ఉండదు. మా పక్కింటి పెద్దావిడ ఆ పొలాల్లోంచి వచ్చిన మనిషి. ఎనభై ఎనిమిదేళ్లు. పోయిన చలికాలంలో ఒక చెప్పుల డబ్బా నిండా కాగితాలు తెచ్చి, స్కాన్ చేసి పెట్టమని అడిగారు. వాళ్ల నాన్న గురించి మనవలకు నాలుగు పేజీలు రాసి ఇవ్వాలని ఆవిడ కోరిక. చిక్కల్లా ఒకటే. పాతికేళ్లు సేద్యం చేసిన ఆ మనిషి పేరు కౌంటీ పాత పటాల్లో ఎక్కడా లేదు.

అమెరికాలో రికార్డులకు కొదవ లేదని మనకో నమ్మకం. నిజమే, కాగితాలు బోలెడు. కానీ ఆ కాగితాల్లో దాదాపు ఏదీ మామూలు మనిషిని గుర్తుపెట్టుకోవడానికి పుట్టలేదు. ఒకటి పన్ను కోసం, ఒకటి అప్పు కోసం, ఇంకోటి సైన్యంలోకి తీసుకోవడానికి. అందుకే అవి భూమిని గుర్తుపెట్టుకున్నంత బాగా పనిని గుర్తుపెట్టుకోవు. ఆ డబ్బా ముందేసుకుని కూర్చున్న నాలుగు వారాల్లో నాకు అర్థమైంది ఇదే.

మిడ్‌వెస్ట్ అని జనగణన శాఖ పిలిచేది 12 రాష్ట్రాలను. తూర్పున ఒహాయో, పడమట డకోటాలు, నెబ్రాస్కా, కాన్సస్. విమానం కిటికీలోంచి చూస్తే ఈ నేల గళ్ల లుంగీ పరిచినట్టు ఉంటుంది. ఆ గళ్లు 1785 నాటి చట్టం గీసినవి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉంటే ఒక టౌన్‌షిప్. దాన్ని 36 సెక్షన్లు చేశారు. సెక్షన్‌కి 640 ఎకరాలు. అందులో పావు వంతు, అంటే 160 ఎకరాలు, ఒక కుటుంబానికి సరిపోయే కమతమని లెక్క. 16వ సెక్షన్ బడి ఖర్చులకని పక్కన పెట్టారు. మనుషులు వచ్చి స్థిరపడకముందే నేలకి నంబర్లు పడ్డాయన్నమాట. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్లు ఉండి సాగు చేసినవాళ్లకు ఆ 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇచ్చింది. పెళ్లికానివాళ్లు, వితంతువులు కూడా సొంత పేరున దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఇంటి కొలతలు, ఎన్ని ఎకరాలు దున్నారు, బావి తవ్వారా లేదా, ఇరుగుపొరుగు సాక్ష్యాలు, అన్నీ ఉంటాయి. మీ పూర్వీకుడు నెబ్రాస్కాలో పట్టా పొందినవాడైతే పండగే.

పట్టా లేనివాడైతే?

ప్లాట్ బుక్ అని ఒకటి ఉంటుంది. కౌంటీలోని టౌన్‌షిప్ పటాలన్నీ కలిపి కుట్టిన పుస్తకం. ప్రతి గడిలో యజమాని పేరు, ఎకరాల సంఖ్య. ఇక్కడ మ్యూజియంలో, లైబ్రరీలో పాత ప్రతులు దొరుకుతాయి. పెద్దావిడ తను పుట్టిన ఇల్లు ఏ సెక్షన్‌లో, ఏ మూలన ఉండేదో వేలు పెట్టి చూపించారు. ఆ గడిలో రాసి ఉన్న పేరు మాత్రం ఊళ్లో ఉండే ఒక పెద్ద ఆసామిది. వాళ్ల నాన్న కౌలుదారు. పంటలో సగం యజమానికి, సగం ఈయనకి.

మన పాత పహాణీల్లో, అడంగల్‌లో పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. నేల ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు అన్నవి రెండు వేరు ప్రశ్నలని ఆ కాగితం ఒప్పుకుంది. (ఆ కాలమ్ మీద మన దగ్గర నడిచిన గొడవ ఇక్కడ ఎత్తను. ఎత్తితే వ్యాసం అటే పోతుంది.) ప్లాట్ బుక్‌లో రెండో ప్రశ్నే లేదు.

కౌలుదార్లు అంటే ఎక్కడో ఒకరిద్దరు కారు. ఐయోవాలో 1930ల నడుమ దాదాపు సగం పొలాలు కౌలు మీదే నడిచాయి. మా పక్కనే ఉన్న లోగన్ కౌంటీ కథ ఇంకా చిత్రం. విలియం స్కల్లీ అనే ఐర్లండ్ భూస్వామి అక్కడ మొదలుపెట్టి ఇల్లినాయిస్, కాన్సస్, నెబ్రాస్కా, మిస్సోరీ రాష్ట్రాల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కూడబెట్టాడు. ఏడాదికోసారి కౌలు కాగితం. ఇల్లూ కొట్టమూ కౌలుదారే కట్టుకోవాలి, పన్ను కూడా కౌలుదారు నెత్తినే. జనం ఎంత మండిపడ్డారంటే 1887లో ఇల్లినాయిస్ శాసనసభ విదేశీయులు భూమి కొనకుండా చట్టం చేసింది. స్కల్లీ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ నేల దున్నినవాళ్ల పేర్లు వెతుక్కోవాలి.

ఎలా వెతకాలో తెలియాలంటే మార్చి 1 గురించి తెలియాలి. ఈ ప్రాంతంలో కౌలు సంవత్సరం మార్చి 1న మొదలవుతుంది. ఫిబ్రవరి ఆఖరుకి పాత ఇల్లు ఖాళీ చేయాలి, మర్నాడు కొత్త పొలంలో దిగాలి. మంచు కరిగి దారులన్నీ బురద అయ్యే రోజులవి. పొయ్యి, మంచాలు, కోళ్లు, ఆవులు, విత్తనాలు, పిల్లలు, అన్నీ ఒకే రోజు రోడ్డెక్కేవి. ఒకే దారిన నాలుగు కుటుంబాలు ఎదురుపడేవట, ఒకరు ఖాళీ చేసిన ఇంట్లోకి ఇంకొకరు. పెద్దావిడ పదహారేళ్లు వచ్చేలోపు మూడుసార్లు ఇల్లు మారారు. ప్రతిసారీ బడి సంవత్సరం మధ్యలోనే. "కొత్త బడిలో టీచరు ఏ పాఠం దగ్గర ఉందో మాకు తెలిసేది కాదు, మేమెవరమో ఆమెకు తెలిసేది కాదు" అన్నారు. లెక్కల్లో భిన్నాలు తనకు ఇప్పటికీ రావట, ఏ బడిలోనూ ఆ పాఠం తగల్లేదట.

జనగణన కాగితాల సంగతి. అమెరికాలో మనిషి పేరుతో ఉన్న జనగణన పత్రాలను 72 ఏళ్ల పాటు బయటపెట్టరు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి. ఆవిడ కుటుంబం అందులో దొరికింది. లెక్కింపు మొదలైంది 1950 ఏప్రిల్‌లో, అంటే మార్చి 1 దాటి నెల. ఆ ఏడాది ఇల్లు మారిన కౌలు కుటుంబాలన్నీ ఇంకా సామాన్లు సర్దుకోని కొత్త ఇంటి చిరునామాతో చరిత్రకెక్కాయి. పొరుగింటి పేర్లు పట్టుకుని బంధువులను వెతికే వాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఆ పొరుగువాళ్లకి వీళ్ల పరిచయం నెల రోజులదే.

ఆ వరసలో నాన్న పేరు పక్కన రైతు అని ఉంది, సొంత వ్యాపారం అన్న అర్థంలో ఒక అక్షరం కూడా. నేల తనది కాదన్న సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదు. అమ్మ పేరు పక్కన ఇంగ్లిష్ అక్షరం హెచ్ ఒక్కటే. పోయిన వారం ఎక్కువ సమయం ఏం చేశారు అన్న ప్రశ్నకి, ఇంటిపని అని జవాబు వస్తే హెచ్ వేయాలి. దాని పక్కనే ఇంకో ప్రశ్న: ఇంటి చుట్టూ చేసే పని కాకుండా ఏమైనా పని చేశారా? దానికి లేదు అని రాశారు.

పెద్దావిడ ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లెక్క చెప్పారు. పొద్దున నాలుగున్నరకి పాలు పితకడం, సెపరేటర్ తిప్పి మీగడ తీయడం, దాని గిన్నెలన్నీ ఊడదీసి కడగడం. రెండు వందల కోళ్లు. శనివారం గుడ్లు, మీగడ టౌన్‌కి తీసుకెళ్లి అమ్మితే వచ్చిన డబ్బుతోనే ఆ వారం సరుకులు. పంట డబ్బు యజమానికీ బ్యాంకుకీ పోయేది, ఇల్లు నడిచింది గుడ్ల డబ్బు మీద. ఇది ఆవిడ ఇంటి కథ ఒక్కటే కాదు, మిడ్‌వెస్ట్ పల్లెల్లో ఏ ముసలావిణ్ణి కదిపినా గుడ్ల డబ్బు మాట వస్తుంది.

ఈ గడి ఒక్కరోజులో ఖాళీ కాలేదు. 1910లో లెక్కింపు సిబ్బందికి ఇచ్చిన సూచనల్లోనే ఉంది, జీతం లేకుండా సొంత ఇంట్లో పని చేసే ఆడమనిషికి వృత్తి కాలమ్‌లో 'ఏమీ లేదు' అని రాయమని. పొలంలో క్రమంగా పని చేస్తే రాయొచ్చని కూడా ఉంది కానీ, గుమ్మంలో నిలబడి అడిగే మనిషికి అంత ఓపిక ఎక్కడిది. వ్యవసాయ జనగణన ఇంకా మొండిది. సాగుదారు ఆడా మగా అని అడగడం మొదలైందే 1978లో. పొలానికి ఒక్కరే సాగుదారు అన్న లెక్క 2002 దాకా సాగింది. ఆ ఏడాది ముగ్గురి వివరాలు రాయనిచ్చారు, 2017లో నలుగురివి. దాంతో మహిళా రైతుల వాటా 36 శాతానికి చేరింది. ఉన్నట్టుండి అంతమంది ఆడవాళ్లు ట్రాక్టర్ ఎక్కారని కాదు, ఫారంలో గళ్లు పెరిగాయి.

కౌలుదారుకైనా ఒక ఇల్లు, ఒక వరస ఉంది. జీతానికి ఉన్న పాలేరు పరిస్థితి ఇంకా అన్యాయం. 1880 జనగణనతో ఇంటి పెద్దకి ఎవరు ఏమవుతారో రాయడం మొదలైంది కాబట్టి, కుటుంబం పేర్లన్నీ అయ్యాక చివర వేరే ఇంటిపేరుతో ఒక కుర్రాడు కనిపిస్తాడు. సేవకుడు, వ్యవసాయ కూలీ. అంతే. పదేళ్ల తర్వాత అతను ఎక్కడికి పోయాడో చూద్దామంటే 1890 పత్రాలు లేవు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి, మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే తీసి పారేసింది. 1935లో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ పథకం వచ్చినప్పుడు పొలం కూలీలనూ ఇంటి పనివాళ్లనూ అందులోంచి మినహాయించారు. పాక్షికంగానైనా చేర్చుకోవడానికి 1950 దాకా పట్టింది, సొంత సేద్యం చేసే రైతులకైతే 1954. అంటే ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న పెన్షన్ కాగితం జాడ కూడా వీళ్లకి లేదు. సైన్యంలో చేరి ఉంటే ఆ ఫైలైనా ఉంటుందనుకుంటే, 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డుల భవనం కాలిపోయింది. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ వదిలిన వాళ్ల ఫైళ్లలో 80 శాతం దాకా బూడిదయ్యాయి. పేదవాళ్ల కాగితాలనే నిప్పు వెతుక్కుంటూ వస్తుందా అనిపిస్తుంది, అలా అనుకోవడం తర్కం కాకపోయినా.

కౌంటీ చరిత్రల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 1870ల నుంచి లావుపాటి పుస్తకాలు వచ్చాయి, లోపల ఊరి ప్రముఖుల జీవిత చరిత్రలు, గడ్డాల బొమ్మలు. చందా కట్టినవాడి చరిత్ర పడింది. కట్టనివాడిది పడలేదు.

ఫోటోలు మాత్రం ఆగి చూడాల్సినవి. నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీలో సోలమన్ బుచర్ అనే అతను 1886 నుంచి గుర్రబ్బండిలో కెమెరా వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. చెట్లు లేని ఆ మైదానంలో జనం గడ్డి వేళ్లతో సహా మట్టి పెళ్లలు కోసి ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. వాటి ముందు కుటుంబాలను నిలబెట్టి మూడు వేలకు పైగా గాజు పలకల మీద ఫోటోలు తీశాడు. ఒక ఫోటోలో ఆవుల మధ్య, ఆరుబయట, ఒక ఆర్గన్ వాయిద్యం ఉంటుంది. దాని చుట్టూ కుటుంబం. ఆ ఇల్లాలికి తాము మట్టింట్లో ఉంటున్నామని తూర్పున ఉన్న బంధువులకు తెలియడం ఇష్టం లేదు. ఆర్గన్ కొనుక్కున్నామన్నది తెలియాలి. అందుకని దాన్ని బయటికి ఈడ్పించి ఫోటో తీయించుకుంది, తీశాక మళ్లీ లోపలికి మోయించింది. కాగితాలన్నీ అధికారులు రాసినవైతే, ఈ ఒక్కటీ ఆ ఇల్లాలు స్వయంగా రాసుకున్న వాక్యం.

1930ల మాంద్యంలో ప్రభుత్వమే ఫోటోగ్రాఫర్లను పంపింది. 1936 క్రిస్మస్ నాడు ఐయోవాలో స్మిత్‌లాండ్ దగ్గర ఒక పొలం ఇంట్లో రస్సెల్ లీ తీసిన ఫోటోలో పిల్లలు బల్ల చుట్టూ నిలబడి తింటుంటారు. పండగ భోజనం ఆలుగడ్డలు, క్యాబేజీ, 'పై' అనే వంటకం. ఆ విభాగం నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగెటివ్‌లకు పంచ్‌తో చిల్లు పొడిచేవాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అవి ఉన్నాయి. పొలంలో నిలబడ్డ రైతు, ముఖం ఉండాల్సిన చోట నల్లటి సున్నా.

భాష కూడా కొన్ని జ్ఞాపకాలను మింగింది. ఈ పల్లెల్లో జర్మన్లు ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం వేడిలో, 1918 మేలో, ఐయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బడిలో, చర్చిలో, రైల్లో, ఆఖరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని ప్రకటన చేశాడు. ఒకే ఫోన్ తీగ పది ఇళ్లకు పోయే రోజులు, ఎవరైనా ఎత్తి వినొచ్చు. స్కాట్ కౌంటీలో కొందరు రైతు మహిళలు ఫోన్‌లో జర్మన్ మాట్లాడినందుకు రెడ్‌క్రాస్‌కి డబ్బు కట్టాల్సి వచ్చింది. పక్కన నెబ్రాస్కాలో పిల్లాడికి జర్మన్ నేర్పిన బడి పంతులుకు 25 డాలర్ల జరిమానా పడింది, 1923లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు తీర్పు వచ్చేసరికి ఇళ్లలో భాష మారిపోయింది. ఆ డబ్బాలో పెద్దావిడ నానమ్మ రాసిన ఉత్తరాలు పదకొండు ఉన్నాయి. ఇంట్లో ఒక్కరూ చదవలేరు. పిల్లలకు తెలుగు చదవడం రాని ఇళ్లు ఇక్కడ మన వీధిలోనే ఎన్ని ఉన్నాయో తలుచుకుని నేను మాట మార్చాను.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ కుటుంబ చరిత్రలన్నీ 'మొదటగా వచ్చి స్థిరపడిన' అనే మాటతో మొదలవుతాయి. ఆ మొదటికి ముందు అక్కడ మనుషులు లేరా? ఐయోవా నేలలో పెద్ద భాగం సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ జనాలది. 1832 యుద్ధం తర్వాత, వరుస ఒప్పందాలతో వాళ్లని పడమటికి తరిమారు. మెస్క్వాకీలు 1857లో టామా కౌంటీలో తమ పాత నేలలోనే కొంత భాగాన్ని డబ్బు పెట్టి తిరిగి కొనుక్కున్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పట్టా కాగితం ఒకరిని గుర్తుపెట్టుకోవడమే కాదు, ఇంకొకరిని చెరిపేస్తుంది కూడా.

ఇన్ని కాగితాల్లో మనిషి కోసమే పుట్టింది ఒక్కటే, ఊరి వారపత్రికలో వచ్చే మరణవార్త. మన పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనలా నాలుగు లైన్లు కాదు, ఒక చిన్న జీవితచరిత్ర. అంత్యక్రియల సంస్థవాళ్లు ఇచ్చే ఫారం నింపితే తయారవుతుంది కాబట్టి అన్నీ ఒకే తీరున ఉంటాయి. ఫలానా చోట పుట్టారు, ఫలానా చర్చిలో జ్ఞానస్నానం, పెళ్లి, ముందే పోయినవాళ్లు, మిగిలినవాళ్లు, చర్చి నేలమాళిగలో భోజనం. పైపైన చదివితే విసుగొస్తుంది. నాకూ వచ్చింది. రెండు వందలు చదివాక కళ్లు అలవాటు పడ్డాయి. 'ఊరికి ఉత్తరాన వ్యవసాయం చేశారు' అన్న వాక్యం చూడండి. సొంతమా కౌలా చెప్పదు, అబద్ధమూ ఆడదు. పిల్లలు అయిదుగురూ అయిదు టౌన్‌షిప్‌లలో పుట్టారంటే కౌలని అర్థం. ఆడవాళ్లకైతే 'పొలం పనుల్లో భర్తకు సాయపడ్డారు' అని రాస్తారు. నాలుగున్నరకి లేచి పాలు పితికింది సాయమట. పాత పత్రికల్లో ఆవిడ పేరుతో వెతికితే దొరకదు కూడా, భర్త పేరుకి ముందు మిసెస్ తగిలించి వెతకాలి. శవపేటిక మోసిన ఆరుగురి పేర్లు ఉంటే తప్పక రాసి పెట్టుకోవాలి. బంధువులు కానివాళ్లు అక్కడ కనిపిస్తే వాళ్లు కలిసి నూర్పిళ్లు చేసుకున్నవాళ్లో, పాత పొరుగువాళ్లో అయి ఉంటారు. ఈ పత్రికలే ఇప్పుడు మూతపడుతున్నాయి. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా పోయాయి.

పెద్దావిడ నాన్న మరణవార్త కూడా డబ్బాలో ఉంది. పదమూడు లైన్లు. దానికన్నా నాకు పనికొచ్చింది అడుగున నాలుగు మడతలు పెట్టి ఉన్న పసుపు కాగితం. వేలం కరపత్రం. కౌలుదారు సేద్యం మానేసేటప్పుడు, మార్చి 1 లోపల, ఫిబ్రవరిలో ఒక రోజు సామానంతా పెరట్లో పెట్టి వేలం వేసేవాడు. ఏమేం అమ్ముతారో ముందే అచ్చేసి ధాన్యం నిల్వచేసే ఎలివేటర్ దగ్గర, బ్యాంకులో, మంగలి షాపులో అతికించేవాళ్లు. భూమి లేని మనిషి ఆస్తి మొత్తం జాబితాగా దొరికే చోటు ఇదే. అందులో ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, అచ్చులో అంత పెద్దగా ఇంకెక్కడా లేదు. 1954. ఫార్మాల్ ట్రాక్టర్, రెండు సాళ్ల మొక్కజొన్న పికర్, తొమ్మిది పాడి ఆవులు, వాటిలో మూడు చూలుతో. ఎండుగడ్డి ఇన్ని బేళ్లు. మధ్యాహ్న భోజనం చర్చి ఆడవాళ్లు అమ్ముతారు.

ప్రతి వస్తువు పక్కనా పెన్సిల్‌తో ధర రాసి ఉంది. అమ్మ చేతిరాత అది, ఆవిడ గుర్తుపట్టారు. ట్రాక్టర్‌కి ఒక అంకె, ఆవులకి ఒక్కోదానికి ఒక్కో అంకె. కింద నుంచి మూడో లైన్లో మీగడ సెపరేటర్, దాని తర్వాత కోడిపిల్లలను వెచ్చగా ఉంచే స్టవ్వు. ఆ రెండిటి పక్కన అంకె లేదు. గీత కొట్టేసి ఉంది. అమ్మేశారేమో, ధర రాయడం మర్చిపోయారేమో అన్నాను. కాదన్నారు. ఆ సెపరేటర్ టౌన్‌లో అద్దె ఇంటి నేలమాళిగలో చాలా ఏళ్లు ఉందట, ఒక్క ఆవు కూడా లేకుండానే.